డెబ్బై ఏళ్ల ఉత్తరం

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసే వేళకు మన సంఘాల్లో చాలాచోట్ల వాగ్దాన కార్డులు పంచుతారు. ఒక్కొక్కరూ ఒక కార్డు తీసి, కొత్త ఏడాదికి దేవుడు తనతో ఏం చెబుతున్నాడో చూసుకుంటారు. ఎవరికి వచ్చినా ముఖం విప్పారే వాక్యం ఒకటుంది: యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం. తన ప్రజల పట్ల తనకున్న ఆలోచనలు మేలుకోసమేననీ, వాళ్ల ముందు ఒక మంచి రేపు ఉందనీ దేవుడు భరోసా ఇచ్చిన మాట అది. క్యాలెండర్ల మీద, పెళ్లి పత్రికల మీద, ఆటోల వెనక కూడా అది కనిపిస్తుంది.

జనవరిలో ఆ కార్డు తీసుకున్న మనిషికి మార్చిలోనో జూన్‌లోనో ఎదురుగాలి మొదలవుతుంది. బాప్తిస్మం తీసుకున్నందుకు పుట్టింటివాళ్లు మాట్లాడటం మానేస్తారు. లంచం ముట్టనన్నందుకు ఆఫీసులో ఒంటరివాడైపోతాడు. పొలం గట్టు తగాదాలో నిజం చెప్పినందుకు ఊళ్లో సగం మందికి కంటగింపు అవుతాడు. దేవుడి ఆలోచన మేలుకే అయితే ఇదంతా ఏమిటి? నేనెక్కడైనా దారి తప్పానా? ఆ వాగ్దానం నాది కాదా? ఇలా అడిగేవాళ్ల కోసమే ఈ వ్యాసం. జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు, ఆ వచనం చుట్టూనే ఉంది. అది ఒక ఉత్తరంలోని వాక్యం. ఆ ఉత్తరం ఎవరు రాశారో, ఎవరికి రాశారో, దానికి ముందూ వెనకా ఏముందో తెలిస్తే ఆ వాగ్దానం మీద మన బరువు మోపడానికి ధైర్యం వస్తుంది.

రాసినవాడు యిర్మీయా. ఊరు అనాతోతు, యెరూషలేముకు ఈశాన్యంగా ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న యాజకుల పల్లె. యోషీయా రాజు పాలనలో 13వ ఏట, అంటే క్రీ.పూ. 627 ప్రాంతంలో అతనికి పిలుపు వచ్చింది. ఆ పిలుపులోనే దేవుడు ఒక సంగతి దాచకుండా చెప్పాడు: రాజులు, అధిపతులు, యాజకులు, దేశంలోని జనం అందరూ నీ మీదికి వస్తారు, అయినా నిన్ను గెలవలేరు, నేను నీతో ఉంటాను అని. ఇక్కడ కాసేపు ఆగాలి. అతని విషయంలో వ్యతిరేకత మధ్యలో ఎక్కడినుంచో వచ్చి ప్రణాళికను చెడగొట్టలేదు. పనితో పాటే మొదటి రోజునే దాని గురించీ చెప్పేశాడు దేవుడు. 'నీతో ఉంటాను' అన్నది ఆ వ్యతిరేకతను దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన మాట.

చెప్పినట్టే జరిగింది. మొదట ఎదురు తిరిగింది సొంత ఊరివాళ్లే. అనాతోతు మనుషులు అతన్ని చంపడానికి పన్నాగం పన్నారు, నోరు మూసుకోకపోతే చస్తావన్నారు. ఆ తర్వాత దేవాలయ అధికారి పషూరు అతన్ని కొట్టించి, ఒక రాత్రంతా బొండలో వేయించాడు. యెహోయాకీము రాజు కాలంలో దేవాలయ ఆవరణలో ప్రసంగం చేసినప్పుడు యాజకులూ ప్రవక్తలూ కలిసి మరణశిక్ష వేయమన్నారు. ఇలాంటి మాటలే చెప్పిన ఊరియా అనే మరో ప్రవక్త ఐగుప్తుకు పారిపోతే, అక్కడి నుంచి పట్టి తెప్పించి రాజు చంపించాడు. యిర్మీయా మాత్రం బతికాడు, అహీకాము అనే పెద్దమనిషి అడ్డుపడ్డాడు కాబట్టి. ఒకే పని చేసిన ఇద్దరిలో ఒకరు కత్తికి బలయ్యారు, ఒకరు మిగిలారు. ఎందుకో బైబిలు చెప్పదు. దేవుణ్ణి నమ్మినవాళ్లంతా తప్పించుకుంటారని బోధించే ముందు మనం ఊరియాను గుర్తు చేసుకోవాలి.

ఇక యెహోయాకీము చేసిన పని. యిర్మీయా చెబుతుంటే అతని లేఖకుడు బారూకు ఇరవై మూడేళ్ల ప్రవచనాలు ఒక చుట్టలో రాశాడు. దాన్ని రాజు ముందు చదివారు. చలికాలం, రాజు ముందు కుంపటి మండుతోంది. మూడు నాలుగు పత్రాలు చదవగానే రాజు చాకుతో వాటిని కోసి కుంపట్లో వేశాడు. అలా చుట్టంతా కాల్చేశాడు. ఇరవై మూడేళ్ల పని ఒక్క పూటలో బూడిదైంది. అప్పుడు యిర్మీయాకు వచ్చిన ఆజ్ఞ చాలా మామూలుగా ఉంటుంది: ఇంకో చుట్ట తీసుకో, మళ్లీ రాయి. రాశారు. మొదటి దానిలో లేని మాటలెన్నో రెండోదానిలో చేరాయి. ఈ రోజు మన చేతుల్లో ఉన్న యిర్మీయా గ్రంథం ఆ కాలిపోయిన చుట్ట తర్వాత వచ్చింది.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకున్నాడు. ఇది బైబిలు మాత్రమే చెప్పే సంగతి కాదు. బబులోను వాళ్లే తమ రాజుల యుద్ధాల గురించి మట్టి పలకల మీద రాసుకున్నారు. అలాంటి పలక ఒకటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఆ ఏడాది మార్చిలో యూదా రాజధానిని పట్టుకుని రాజును చెరపట్టిన సంగతి అందులో ఉంది. యువరాజు దశ దాటీ దాటని అప్పటి రాజు యెహోయాకీనునూ, అతని తల్లినీ, అధికారులనూ, సైనికులనూ, కంసాలులనూ, పనివాళ్లనూ తరలించుకుపోయారు. రాజుల రెండో గ్రంథం పదివేల మంది అంటుంది. ఎంత దూరమో ఊహించుకోవాలంటే, తర్వాతి కాలంలో ఎజ్రా బబులోను నుంచి యెరూషలేముకు రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ చెరలోని వాళ్లకు రాసిందే ఆ ఉత్తరం. యెరూషలేములో మిగిలిన సిద్కియా రాజు నెబుకద్నెజరు దగ్గరకు ఎలాశా, గెమర్యా అనే ఇద్దరు దూతలను పంపుతుంటే యిర్మీయా ఉత్తరాన్ని వాళ్ల చేతికిచ్చాడు.

అయితే ఆ దినాల్లో ఇంకో సందేశం కూడా జోరుగా తిరుగుతోంది. యిర్మీయా మెడ మీద చెక్క కాడి పెట్టుకుని వీధుల్లో తిరుగుతూ, బబులోను ఏలుబడి కింద ఉండక తప్పదని చెబుతున్నాడు. గిబియోను ఊరివాడైన హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ అతనికి ఎదురు నిలిచాడు. రెండేళ్లలో చెర అయిపోతుంది, రాజు తిరిగొస్తాడు, దోచుకుపోయిన గుడి సామాను తిరిగొస్తుంది, ఇది యెహోవా మాట అన్నాడు. జనం ఎవరి మాట వింటారు? రెండేళ్లు అన్నవాడి మాటే. మనమైనా అంతే.

యిర్మీయా జవాబు నాకు ఎప్పుడు చదివినా కదిలించేదిగా ఉంటుంది. ఆమేన్, యెహోవా అలాగే చేయాలి అన్నాడు. తన మాట నెగ్గాలన్న పంతం అతనికి లేదు. తన జనం బాగుపడితే తాను అబద్ధికుడు అనిపించుకోవడానికీ సిద్ధమే. అయితే పాత ప్రవక్తలు యుద్ధాల గురించీ కరువు గురించీ చెప్పారు, సమాధానం వస్తుందని చెప్పే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతన్ని దేవుడు పంపాడని తెలుస్తుంది అని ఒక కొలబద్ద మాత్రం గుర్తు చేశాడు. అప్పుడు హనన్యా అతని మెడ మీది కాడి తీసి విరగ్గొట్టాడు. యిర్మీయా మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. దేవుడు మళ్లీ మాట్లాడాకే తిరిగి వచ్చి, చెక్క కాడి విరిస్తే ఇనుప కాడి వస్తుందన్నాడు. అదే ఏడాది ఏడో నెలలో హనన్యా చనిపోయాడు. చెర రెండేళ్లలో ముగియలేదు.

ఇప్పుడు ఉత్తరంలో ఏముందో చూద్దాం. ఇళ్లు కట్టుకుని కాపురముండండి. తోటలు నాటి వాటి ఫలాలు తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి, మీ పిల్లలకూ పెళ్లిళ్లు చేయండి. మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది. మీ మధ్య ఉన్న ప్రవక్తల మాటలకూ కలలకూ మోసపోకండి. ఆ తర్వాత 10వ వచనం వస్తుంది: బబులోనుకు డెబ్బై ఏళ్లు నిండాక మిమ్మల్ని తిరిగి తెస్తాను. ఆ వెంటనే, దాన్ని ఆనుకుని, మనం కార్డు మీద చదువుకునే 11వ వచనం.

ముప్పై ఏళ్ల మనిషి ఆ ఉత్తరం విని లెక్క వేసుకుంటే ఏం తేలుతుంది? తాను యెరూషలేమును మళ్లీ చూడడు. మనవలు చూస్తారేమో. అంటే ఆ మేలు ఉద్దేశం అతని కష్టాన్ని రేపో మాపో తీసేసేది కాదు, అతని బతుకంతా ఆ కష్టం నడుమే గడవాలి. అయినా దేవుడు దాన్ని మేలే అన్నాడు. వ్యతిరేకతలో దేవుని ప్రణాళికను నమ్మడమంటే ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. ఫలానా తేదీకి శత్రువు ఓడిపోతాడని నమ్మడం హనన్యా నమ్మకం. దేవుడు చెప్పిన పనిని ఉన్నచోటే చేసుకుంటూ, కాలాన్ని ఆయనకు వదిలేయడం యిర్మీయా నేర్పిన నమ్మకం. పైకి మొదటిది గొప్ప విశ్వాసంలా వినిపిస్తుంది, వేదిక మీద చప్పట్లు దానికే పడతాయి. రెండేళ్లు గడిచాక దాన్ని నమ్మినవాళ్లకు ఏం మిగులుతుందన్నదే ప్రశ్న.

వాళ్లు నిజంగా ఇళ్లు కట్టుకున్నారా? ఈ విషయంలో మన కాలంలో బయటపడిన సాక్ష్యం ఒకటుంది. ఇరాక్ ప్రాంతానికి చెందిన మట్టి పలకలు కొన్ని ఇటీవలి దశాబ్దాల్లో వెలుగులోకి వచ్చాయి. వాటిలో 'అల్ యాహూదు', అంటే యూదావాళ్ల ఊరు, అనే పల్లె పేరు ఉంది. పలకల్లో పాతది క్రీ.పూ. 572 నాటిది. వాటి నిండా ఉన్నవి పొలాల కౌళ్లు, పన్నులు, అప్పులు, పంట పంపకాలు, యెహోవా పేరు కలిసిన యూదుల పేర్లు. కొన్ని కుటుంబాల వివరాలు తరం తర్వాత తరం కనిపిస్తాయి. చెరపట్టినవాళ్ల దేశంలో వాళ్లు సేద్యం చేశారు, పిల్లల్ని పెంచారు, ఆ పిల్లలకు తమ దేవుని పేరు కలిపి పేర్లు పెట్టుకున్నారు. ఏ ప్రసంగమూ లేని ఆ లెక్కల పలకలు నాకు గొప్ప విశ్వాస సాక్ష్యంలా కనిపిస్తాయి.

ఉత్తరం అందరికీ నచ్చలేదు. బబులోనులోనే ఉన్న షెమయా అనే అతను మండిపడి యెరూషలేముకు తిరుగు ఉత్తరం రాశాడు. ఇంకా చాలాకాలం ఇక్కడే ఉండాలట, ఇళ్లు కట్టుకోవాలట, ఇలాంటి పిచ్చివాణ్ణి బొండలో వేయకుండా ఎందుకు ఊరుకున్నారు అని జెఫన్యా అనే యాజకుణ్ణి నిలదీశాడు. జెఫన్యా ఆ ఉత్తరాన్ని తెచ్చి యిర్మీయాకే చదివి వినిపించాడు. మనం ఈ రోజు అంత ఆనందంగా పంచుకునే వాగ్దానం, విన్న తరంలో కొందరికి జైలుశిక్ష వేయదగినంత నేరంగా తోచింది.

ఇన్ని జరుగుతుంటే యిర్మీయా చిరునవ్వుతో స్తోత్రాలు పాడుకుంటూ ఉన్నాడా? లేదు. ఇది మన సంఘాలు తప్పక వినాల్సిన సంగతి. తాను పుట్టిన దినాన్ని శపించుకున్నాడు. నా గాయం ఎందుకు మానదని దేవుణ్ణి అడిగాడు. నువ్వు నాకు ఎండిపోయిన వాగులాంటివాడివి అయ్యావా అన్నంత దాకా వెళ్లాడు. ఇక నీ పేరు ఎత్తను అనుకున్నాడు, కానీ ఎముకల్లో మంట పెట్టినట్టు ఉండి ఊరుకోలేకపోయాడు. వీటిలో కొన్ని పషూరు బొండలోంచి వదిలిన సంగతి వెంటనే వచ్చే మాటలు. దేవుడు వాటిని చెరిపేయించలేదు, తన గ్రంథంలోనే ఉంచాడు. కష్టంలో ఏడ్చినవాళ్లను విశ్వాసం చాలలేదని గద్దించేవాళ్లు ఈ గ్రంథం 15వ, 20వ అధ్యాయాలు మళ్లీ చదవాలి. యిర్మీయా తన ఏడుపు వేరే దేవుడి దగ్గర ఏడవలేదు, అదే తేడా.

క్రీ.పూ. 588 ప్రాంతంలో బబులోను సైన్యం మళ్లీ యెరూషలేమును ముట్టడించింది. యిర్మీయా చెరసాల ఆవరణలో ఖైదీగా ఉన్నాడు. ఆ సమయంలో చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలం కొనుక్కోమన్నాడు. శత్రు సైన్యం చేతిలో ఉన్న ఊళ్లో పొలం! ఎవరు కొంటారు? దేవుడు ముందే చెప్పి ఉండటంతో యిర్మీయా 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. దస్తావేజు రెండు ప్రతులు, ఒకటి ముద్ర వేసింది, ఒకటి తెరిచి ఉంచింది. వాటిని చాలాకాలం చెడకుండా మట్టికుండలో పెట్టమని బారూకుకు అప్పగించాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు కొంటారన్నది దాని అర్థం. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, రిజిస్ట్రేషనంతా సక్రమంగా పూర్తిచేసి, డబ్బు కట్టేశాక అతను ప్రార్థనలో దేవుణ్ణి అడుగుతాడు: పట్టణం శత్రువుల చేతికి పోతోంది కదా, పొలం కొనమంటావేమిటి అని. అంతా అర్థమయ్యాక లోబడటం కాదు ఇది. లోబడ్డాడు, అర్థం కాలేదని ఒప్పుకున్నాడు, రెండూ ఒకే మనిషి ఒకే పూట చేశాడు.

ఆ ఆవరణలో ఉన్నప్పుడే అధికారులు రాజు దగ్గరకు వెళ్లారు. ఇతను సైనికుల చేతులు బలహీనం చేస్తున్నాడు, చంపాలి అన్నారు. అది ఆ కాలపు దేశద్రోహ నేరం లాంటిది. 1935లో లాకీషు శిథిలాల్లో దొరికిన పెంకుల మీది సైనిక ఉత్తరాల్లో కూడా ఇదే ఫిర్యాదు ఉంది, కొందరి మాటలు చేతుల్ని బలహీనం చేస్తున్నాయని. సిద్కియా రాజు చేతులెత్తేశాడు. అతను మీ చేతిలో ఉన్నాడు, రాజు మీకు అడ్డం రాలేడన్నాడు. వాళ్లు యిర్మీయాను తాళ్లతో ఒక నీటి గోతిలోకి దించారు. నీళ్లు లేవు, బురద ఉంది. అందులో దిగబడిపోయాడు.

దేవుడు తోడుంటానన్నాడు కదా, ఎలా తోడున్నాడు? ఆకాశం చీల్చుకుని దూత రాలేదు. రాజు ఇంట్లో ఎబెద్మెలెకు అనే కూషీయుడు ఉన్నాడు. కూషు అంటే ఈనాటి సూడాన్ వైపు దేశం. పరదేశి, నౌకరు. రాజు బెన్యామీను ద్వారం దగ్గర కూర్చుని ఉంటే అందరూ చూస్తుండగానే వెళ్లి, వీళ్లు చేసింది అన్యాయం, ఆ మనిషి ఆకలికి చచ్చిపోతాడు అన్నాడు. చంపమని అడిగిన అధికారుల పలుకుబడి ఎంతో తెలిసీ అన్నాడు. రాజు అనుమతిచ్చాడు, ముప్పై మందిని తీసుకెళ్లమన్నాడు. ఎబెద్మెలెకు తిన్నగా గోతి దగ్గరకు పోలేదు. ఖజానా కింది గదిలోకి వెళ్లి చిరిగిన పాత బట్టలు, గుడ్డపేలికలు ఏరి, తాళ్లతో కిందికి దించాడు. తాడు చంకల్లో ఒరుసుకోకుండా ముందు ఈ పేలికలు పెట్టుకోండి అన్నాడు. వ్యతిరేకత పాలైనవాడి ఒంటికి నొప్పి కలగకూడదని ఆలోచించిన మనిషి అతను. గ్రంథంలో ఇంత చిన్న వివరం ఎందుకు ఉందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. పట్టణం కూలిపోయే ముందు దేవుడు ఎబెద్మెలెకుకు విడిగా ఒక కబురు పంపాడు: నువ్వు నన్ను నమ్ముకున్నావు కాబట్టి నిన్ను తప్పిస్తాను అని. అంటే ఆ తాడూ, ఆ పేలికలూ, రాజు ముందు తెరిచిన ఆ నోరూ దేవుని లెక్కలో నమ్మకమే.

నమ్మకమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని యిర్మీయా కూడా చూపించాడు. పారిపోతున్నావని నింద వేసి పట్టుకున్నప్పుడు, అబద్ధం అని గట్టిగా చెప్పాడు. లేఖకుడు యోనాతాను ఇంటి చెరసాలలో చాలా రోజులున్నాక రాజు రహస్యంగా పిలిపిస్తే, నన్ను ఆ ఇంటికి తిరిగి పంపొద్దు, అక్కడ చచ్చిపోతాను అని వేడుకున్నాడు. రాజు వినిపించుకున్నాడు కూడా. ఈ వాక్యం దగ్గర మన సంఘ పెద్దలు ఆగి ఆలోచించాలి. భర్త చేతిలో దెబ్బలు తింటున్న చెల్లెలితో, ఇది దేవుని ప్రణాళిక, ఓర్చుకో, ఆ ఇంటికే వెళ్లు అని చెప్పేవాళ్లున్నారు. అది బైబిలు బోధ కాదు. ప్రవక్త తానే ఆ ఇంటికి వెళ్లనని అడిగాడు. పౌలు కూడా తన రోమా పౌరసత్వాన్ని వాడుకున్నాడు, కైసరు ముందు విచారణ కోరాడు. మన రాజ్యాంగం 25వ అధికరణం తన మతాన్ని నమ్మి, ఆచరించి, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. ఆ హక్కు కోసం న్యాయంగా అడగడంలో విశ్వాస లోపమేమీ లేదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. వ్యతిరేకత వచ్చినంత మాత్రాన మనం దేవుని పక్షాన ఉన్నట్టు కాదు. హనన్యాకూ వ్యతిరేకత ఎదురైంది, యిర్మీయా నుంచే. సంఘం డబ్బు లెక్క అడిగినవాళ్లను సాతాను వాడుకుంటున్నాడని అనడం, అర్ధరాత్రి మైకు తగ్గించమన్న పొరుగువాణ్ణి హింసకుడు అనడం మనల్ని యిర్మీయాలను చేయవు. పేతురు తన మొదటి పత్రికలో ఈ గీత స్పష్టంగా గీశాడు: దొంగగానో, పరుల జోలికి పోయేవాడిగానో బాధపడితే అందులో ఘనత లేదు. మరి తేడా ఎలా తెలుస్తుంది? నా అనుభవంలో ఒక ప్రశ్న ఎక్కువ సాయపడుతుంది. నేను చెప్పేది లేదా చేసేది నాకు లాభమా, ఖర్చా? హనన్యా మాట అతనికి మెప్పు తెచ్చింది. యిర్మీయా మాటవల్ల అతనికి ఒరిగింది బొండ, గోయి, ఒంటరితనం.

తెలుగు నేల మీద ఈ ఓర్పుకు పెద్ద ఉదాహరణ ఒంగోలు. 1840లో నెల్లూరులో సామ్యూల్ డే మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు పనిలో ఏళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలం కనిపించలేదు. మూసేయాలా వద్దా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చించారు. 1854 జనవరి 1 ఉదయాన ఆ పనిలోనే ఉన్న మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, వాళ్లతో కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక గుట్ట ఎక్కి, ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. అలా వచ్చిన మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో, పన్నెండేళ్ల తర్వాత. అదే ఏడాది యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం పొందాడు, ఆయన వెంట పల్లెలు కదిలాయి. అప్పుడు అసలు వ్యతిరేకత మొదలైంది. పండగల్లో డప్పు కొట్టం, చచ్చిన పశువు మాంసం తినం, ఆదివారం పనికి రాం అన్నందుకు ఊరి పెద్దలు కట్టడి చేశారు, బజారూ బావీ బంద్ చేశారు. ఆ దెబ్బలు తగిలింది దొరలకు కాదు, గూడేల్లోని ఆడవాళ్లకూ కూలీలకూ. వాళ్ల పేర్లు చాలావరకు ఎక్కడా రాసి లేవు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు, కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గుట్ట మీది ప్రార్థనకూ ఆ రోజుకూ మధ్య 24 ఏళ్లు.

ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా మనం 2,222 అనే అంకె దగ్గరకు పరుగెడతాం. యిర్మీయాకు అలాంటి అంకె లేదు. క్రీ.పూ. 586లో యెరూషలేము కాలిపోయింది. బబులోను సేనాని అతన్ని విడిచిపెట్టి, ఎక్కడికైనా వెళ్లమన్నాడు. సుఖంగా బబులోను పోగలిగీ, మిగిలిన బీదజనంతో ఉండిపోయాడు. ఆ జనమే అతని మాట కాదని బలవంతంగా ఐగుప్తుకు తీసుకుపోయారు. గ్రంథం అతన్ని చివరిసారి చూపించేది అక్కడే, తహపనేసు ప్రాంతంలో, ఇంకా ఎవరూ వినని మాటలు చెబుతూ. తాను కొన్న పొలంలో అతను ఒక్క గింజ విత్తినట్టు ఎక్కడా లేదు.

కానీ ఉత్తరం బతికింది. క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాడు. దానియేలు గ్రంథం చెప్పేదాని ప్రకారం ఆ రోజుల్లో ముసలివాడైన దానియేలు యిర్మీయా రాసినవి చదివి, డెబ్బై ఏళ్ల లెక్క చూసి, ప్రార్థనకు కూర్చున్నాడు. మరుసటి ఏడాది యూదులు తిరిగి వెళ్లవచ్చని కోరెషు ఆజ్ఞ ఇచ్చాడు. ఎజ్రా గ్రంథం తన మొదటి వాక్యంలోనే ఇది యిర్మీయా నోట పలికిన మాట నెరవేర్పు అంటుంది. డెబ్బై ఏళ్లను పండితులు రకరకాలుగా లెక్కిస్తారు. క్రీ.పూ. 605లో బబులోను ఆధిపత్యం మొదలైనప్పటి నుంచి కొందరు, 586లో గుడి కూలినప్పటి నుంచి 516లో మళ్లీ కట్టేదాకా మరికొందరు. ఏ లెక్కన చూసినా అది దాదాపు ఒక జీవితకాలం.

మీకు ఇప్పుడు వ్యతిరేకత ఎదురవుతుంటే, 29వ అధ్యాయం మొదటి వచనం నుంచి చదవండి, మీ మట్టుకు ఇల్లు, తోట, పట్టణం అంటే ఏమిటో రాసుకోండి, ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి. మీకు ప్రస్తుతం ఏ ఇబ్బందీ లేకపోతే మీ సంఘంలో ఇబ్బందిలో ఉన్నవాళ్లెవరో కనుక్కోండి. వాళ్లకు వాక్యం వాట్సాప్ చేసి ఊరుకోవద్దు. పోలీసు స్టేషనుకో, తహసీల్దారు ఆఫీసుకో, అలిగిన అత్తగారింటికో వాళ్లు వెళ్లాల్సి వస్తే మీరు పక్కన వెళ్లండి.